సంఘం మనది – లెక్క మనకి చెప్పాలి

(అచ్చంపేటలో రాత్రిబడికి వచ్చే అక్కలు, అన్నల ముందు ఒక టీచరమ్మ చేసిన ప్రసంగం)



పొద్దంతా మిరపచేలో, పత్తిచేలో పని చేసి వచ్చారు. ఇంటికాడ గేదెకి మేత వేసి, పాలు పితికి, కేంద్రంలో పోసి వచ్చారు. అలిసిపోయి ఉంటారు. అందుకని ఈ రాత్రి కొత్త పాఠం చెప్పను. మీకు తెలిసిన మాట ఒకటే పలక మీద రాస్తాను.

వాటా.

రెండే అక్షరాలు. 'వ'కి దీర్ఘం, 'ట'కి దీర్ఘం. అందరూ చదివారు. ఇప్పుడు చెప్పండి. మీలో ఎంతమందికి పాల సంఘంలో వాటా ఉంది?

చేతులు కొన్నే లేచాయి. నిజానికి ఇంకా చాలామందికి ఉండవచ్చు. ఉందని తెలియదు, అంతే. మా అమ్మకీ చాలాకాలం తెలియలేదు. ముందు ఆ సంగతే చెబుతాను.

మా అమ్మ కాగితం

మా ఊరి పేరు చెప్పను. ఈ చుట్టుపక్కలదే అనుకోండి. నేను అయిదో తరగతి చదివేటప్పటినుంచీ మా అమ్మ ఊళ్లో పాల సంఘానికి పాలు పోస్తోంది. ఒకసారి ఉగాదికి ఇల్లు అలుకుతూ పెట్టె దించాం. అడుగున ఒక పాత రసీదు కనపడింది. దానిమీద 'వాటా ధనం 10 రూపాయలు, ప్రవేశ రుసుం 1 రూపాయి' అని ఉంది. మా అమ్మ పేరు ఉంది. సభ్యత్వం నంబరు ఉంది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"పాల కార్డు ఇచ్చేటప్పుడు పదకొండు రూపాయలు కట్టమన్నారే. ఆ కార్డు ఖరీదు" అంది.

అది కార్డు ఖరీదు కాదు. సంఘంలో ఆమె వాటా. అంటే ఆమె ఆ సంఘానికి పాలు పోసే మనిషి మాత్రమే కాదు, సొంతదారు కూడా. పదిహేనేళ్లు సొంతదారుగా ఉండి, ఆ సంగతి తెలియకుండా గుమ్మం బయట క్యాను పట్టుకుని నిలబడింది.

సొంతదారు అంటే ఎవరు?

ఊళ్లోకి ప్రైవేటు వ్యాపారి వచ్చి పాలు కొంటాడు. లాభం వస్తే అతనిది. నష్టం వస్తే అతనిది. మనకి రావలసింది పాల డబ్బులు, అంతే. అతని లెక్క పుస్తకం మనం అడగలేం.

సహకార సంఘం అట్లా కాదు. అక్కడ పాలు పోసేవాళ్లే సొంతదారులు. మిగులు వస్తే పోసిన పాలనిబట్టి సభ్యులకి బోనసుగా రావాలి. ప్రెసిడెంటు, డైరెక్టర్లు మనం ఎన్నుకున్నవాళ్లు. సెక్రటరీ మన జీతగాడు. ఒక గేదె ఉన్నవాడికీ ఒకటే ఓటు. పది గేదెలు ఉన్నవాడికీ ఒకటే ఓటు.

ఈ పద్ధతి ఎక్కడ కుదురుకుందో తెలుసా? ఇంగ్లండులో రోచ్‌డేల్ అని ఒక ఊరు ఉంది. బట్టల మిల్లుల ఊరు. అక్కడ కూలి చాలక, సరుకు మంచిది దొరక్క బీదజనం ఇబ్బంది పడ్డారు. ఆ రోజుల్లో దుకాణాల్లో పిండిలో సుద్ద కలిపేవాళ్లు. తూకంలో మోసం ఉండేది. 28 మంది కలిశారు. వాళ్లలో నేతపనివాళ్లు చాలామంది. మనిషికి ఒక పౌను చొప్పున కూడబెట్టి, 1844 డిసెంబరు 21న చిన్న కొట్టు తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, ఓట్ల పిండి అమ్మారు. కల్తీ లేని సరుకు, సరైన తూకం, మనిషికి ఒక ఓటు, కొన్నదాన్నిబట్టి మిగులులో పంపకం అని నియమాలు పెట్టుకున్నారు. కొన్నేళ్లు గడిచాక మిగులులో నూటికి రెండున్నర వంతు చదువుకి తీసిపెట్టారు. ఎందుకు? చదువు రాని సభ్యుడికి లెక్క అర్థం కాదు. లెక్క అర్థం కాకపోతే సంఘం పదిమంది చేతిలోనించి ఒకరి చేతిలోకి పోతుంది.

మన రాత్రిబడికీ, పాల సంఘానికీ సంబంధం ఏమిటి అంటారా? ఇదే సంబంధం.

వేలిముద్ర ఎక్కడ పడిందో చూడండి

మళ్లీ మా ఊరి సంగతికి వస్తాను.

మూడేళ్లు బోనసు రాలేదు. అడిగితే "ఈ ఏడు మిగల్లేదమ్మా" అనేవాళ్లు. సర్వసభ్య సమావేశం అనే మాట ఎవరూ వినలేదు. కానీ ఏడాదికి ఒకసారి పొద్దున్నే పాలు పోసేచోటికి ఒక పెద్ద పుస్తకం వచ్చేది. "ఇక్కడ వేలు వెయ్యమ్మా" అనేవాళ్లు. ఒక చేత్తో క్యాను పట్టుకుని, రెండో చేత్తో వేలు వేసి వచ్చేవాళ్లు ఆడవాళ్లు.

మా అమ్మ నలభై అయిదేళ్ల వయసులో రాత్రిబడిలో అక్షరాలు దిద్దింది. ఆ ఏడు పుస్తకం వచ్చినప్పుడు వేలు వెయ్యలేదు. కూడబలుక్కుంటూ చదివింది. అందులో ఇట్లా ఉంది: ఫలానా తేదీన సర్వసభ్య సమావేశం జరిగింది. జమాఖర్చులు చదివి వినిపించగా సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు.

అమ్మ తేదీ చూసింది. ఆ రోజు మా వాడ అంతా మిరపకాయల కోతకి పోయాం. ఊళ్లో ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరు.

"చదివి వినిపిస్తే సంతకం పెడతాను. వినపడని లెక్కకి ఒప్పుకున్నానని ఎట్లా రాయను?" అంది.

వెనక నిలబడ్డ ఆడవాళ్లు కూడా క్యాన్లు కింద పెట్టారు.

మా సంఘం ప్రెసిడెంటు నాకు బాబాయి వరస. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాడు. "వదినా, నామీద నమ్మకం లేదా?" అన్నాడు.

"నమ్మకం ఉంది కాబట్టే అడిగాను అబ్బాయ్. నమ్మకం లేకపోతే పాలు ఇంకో కేంద్రంలో పోసేదాన్ని" అంది మా అమ్మ.

అక్కలారా, ఈ మాట గుర్తు పెట్టుకోండి. లెక్క అడగటం అంటే దొంగ అని అనటం కాదు. మన ఇంట్లో పెళ్లి అయ్యాక అన్నదమ్ములు కూర్చుని ఖర్చు చూసుకోరూ? అట్లాంటిదే ఇది.

ఏమి అడగాలి?

లెక్క చెప్పమంటే ఒక్కోసారి గబగబా అంకెలు చదివేస్తారు. మనకి ఏమీ ఎక్కదు. అందుకని అయిదు ప్రశ్నలు నేర్చుకోండి.

1. మన దగ్గర ఎన్ని రూపాయల పాలు కొన్నారు?
2. వాటిని ఎంతకి అమ్మారు?
3. జీతాలు, అద్దె, కరెంటు, ఇతర ఖర్చులు ఎంత?
4. మిగులు ఎంత?
5. ఆ మిగులు ఇప్పుడు ఎక్కడ ఉంది?

అయిదో ప్రశ్నే అసలు ప్రశ్న. మాటకి ఒక లెక్క వేద్దాం. 10,00,000 రూపాయల పాలు కొన్నారు. 10,60,000కి అమ్మారు. తేడా 60,000. ఖర్చులు 40,000. మిగులు 20,000. మరి ఆ 20,000 ఏది? బ్యాంకులో 5,000, చేతిలో 3,000, దాణా బాకీలు 12,000. అంటే కాగితం మీద మిగులు ఉంది. డబ్బు మాత్రం ఎవరి ఇళ్లలోనో ఉంది. అప్పుడు 'ఎవరి ఇళ్లలో?' అని అడగాలి.

ఇంకొకటి వెన్న శాతం. పాల ధర వెన్ననిబట్టి ఉంటుంది. వెన్న తీసేస్తే మిగిలే గట్టి పదార్థాన్ని కూడా చాలాచోట్ల చూస్తారు. మనం వెన్న ఒక్కదాన్నే తీసుకుని లెక్క వేద్దాం. కిలో వెన్నకి 800 రూపాయలు అనుకోండి. మిషను 6 శాతం చూపితే లీటరులో ఇంచుమించు 60 గ్రాముల వెన్న. 48 రూపాయలు వస్తాయి. అదే మిషను 5.5 చూపితే 55 గ్రాములు. 44 రూపాయలే. లీటరుకి 4 రూపాయలు తేడా. రోజుకి 4 లీటర్లు పోస్తే 16 రూపాయలు. నెలకి 480 రూపాయలు. ఒక్క అర శాతంలో ఇంత ఉంది! అందుకని మిషనుని ఎప్పుడు సరిచూశారో అడగండి. చిట్టీ తీసుకోండి. చిట్టీ మీద అంకె, కార్డులో అంకె ఒకటేనా చూసుకోండి.

మన సంఘం ఏ చట్టం కింద ఉంది?

ఇది తెలియాలి. ఎందుకంటే సభ్యుల హక్కులు చట్టాన్నిబట్టి ఉంటాయి. సంఘం బోర్డు మీద, రబ్బరు ముద్ర మీద, నియమావళి మొదటి పేజీలో ఉంటుంది.

మన రాష్ట్రంలో 1964 సహకార చట్టం ఉంది. ఆ చట్టంలో ప్రభుత్వ అధికారుల పెత్తనం ఎక్కువ. 1995లో ఇంకో చట్టం వచ్చింది. దాన్ని పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం అంటారు. దాని కింద ఉన్న సంఘాల్లో ప్రభుత్వానికి వాటా ఉండదు. నియమావళి సభ్యులే రాసుకుంటారు. ఎన్నికలు సంఘమే జరుపుకుంటుంది. అట్లాంటి చట్టం దేశంలో మొదట చేసింది మన రాష్ట్రమే.

మూడోది ప్రొడ్యూసర్ కంపెనీ. 2002లో కంపెనీల చట్టంలో దీన్ని చేర్చారు. పండించేవాళ్లు, పాలు పోసేవాళ్లు కలిసి పెట్టుకునే కంపెనీ ఇది. సభ్యులు విడి మనుషులైతే, ఎన్ని షేర్లు ఉన్నా మనిషికి ఒకటే ఓటు.

మన గుంటూరు జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘం 1977లో వడ్లమూడిలో మొదలైంది. అందరం సంగం డెయిరీ అంటాం. అది 1995 చట్టం కిందికి, ఆ తర్వాత ప్రొడ్యూసర్ కంపెనీగా మారింది. 2022లో మన అచ్చంపేట పల్నాడు జిల్లాలోకి వచ్చింది. పై సంస్థ ఏదైనా, జిల్లా ఏదైనా, మీరు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. 'షేరు ఎవరి పేరున ఉంది? నా పేరునా, మా ఊరి సంఘం పేరునా?' మీ పేరున ఉంటే ఓటు మీది. సంఘం పేరున ఉంటే, పైకి వెళ్లి మన తరఫున చెయ్యి ఎత్తేది ఎవరో మనం తెలుసుకోవాలి. తిరిగి వచ్చాక అక్కడ ఏం జరిగిందో అతను మనకి చెప్పాలి.

సంఘం సర్కారుది కాదు

కొందరు "సంఘం గవర్నమెంటుది గదా" అంటారు. కాదు. దీనిమీద పెద్ద కోర్టుల దాకా తగువు నడిచింది. 1995 చట్టంలోకి మారిన పాల సంఘాలని మళ్లీ 1964 చట్టం కిందికి తేవాలని ప్రభుత్వం 2006లో చట్టం మార్చింది. హైకోర్టు కొట్టేసింది. 2011లో సుప్రీం కోర్టు కూడా చెల్లదు అంది. సభ్యులని అడగకుండా సంఘం రూపం మార్చకూడదు అని దాని సారం.

2012లో రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది. సహకార సంఘం పెట్టుకోవటం పౌరుల ప్రాథమిక హక్కుల్లో చేరింది. ఆ సవరణలో ఎన్నికలు, ఆడిట్ గురించి ఒక భాగం ఉంది. రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదని 2021లో సుప్రీం కోర్టు రాష్ట్ర సంఘాల వరకు ఆ భాగాన్ని కొట్టేసింది. కానీ సంఘం పెట్టుకునే హక్కు అట్లాగే ఉంది.

మరి ఎన్నికలు లేకపోతే ఏమవుతుంది? ఊళ్లో వ్యవసాయ సహకార సంఘాల సంగతి మీకు తెలుసు. ఎరువులు, పంట అప్పులు ఇచ్చే సొసైటీలు. వాటికి 2013లో ఎన్నికలు జరిగాయి. అయిదేళ్ల గడువు తీరాక ఏళ్లతరబడి నామినేటెడ్ కమిటీలు నడిపాయి. నామినేషన్ మీద వచ్చిన మనిషి మంచివాడే కావచ్చు. కానీ అతను ఎవరికి జవాబు చెబుతాడు? తనని కూర్చోబెట్టినవాళ్లకి చెబుతాడు. ఓటు వేసిన సభ్యుడికి మాత్రమే 'దిగు' అనే అధికారం ఉంటుంది.

అడిగినా చెప్పకపోతే?

మెట్టు మెట్టుగా వెళ్లాలి. మొదటి మెట్టు మాట. రెండో మెట్టు కాగితం. ప్రత్యేక సమావేశం పెట్టమని సభ్యులు రాసి ఇవ్వవచ్చు. ఎంతమంది సంతకాలు కావాలో నియమావళిలో ఉంటుంది. కాగితం ఇట్లా రాయండి:

ఫలానా పాల సంఘం అధ్యక్షులవారికి,
కింద సంతకాలు చేసిన సభ్యులం మనవి చేసుకునేది. మన సంఘం జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, బాకీల జాబితా సభ్యుల ముందు చదివి వినిపించటానికి సర్వసభ్య సమావేశం జరపాలి. తేదీ, చోటు, వేళ ముందుగా దండోరా వేయించాలి. ఈ కాగితం అందినట్టు సంతకం చేసి ఒక ప్రతి మాకు ఇవ్వాలి.
ఇట్లు, సభ్యులు (పేరు, సభ్యత్వం నంబరు, సంతకం)

చివరి మాట మరిచిపోకండి. అందినట్టు సంతకం లేకపోతే 'మాకు కాగితమే రాలేదు' అంటారు.

మూడో మెట్టు అధికారి. సంఘాన్ని రిజిస్టరు చేసిన ఆఫీసుకి అర్జీ పెట్టాలి. 1964 చట్టం కింద ఉన్న సంఘమైతే 51వ సెక్షన్ కింద విచారణ చేయించవచ్చు. సొమ్ము దుర్వినియోగం అయిందని తేలితే 60వ సెక్షన్ కింద బాధ్యుల దగ్గర వసూలు చేయవచ్చు.

సమాచార హక్కు కింద అడగవచ్చా? సహకార సంఘాలన్నీ ఆ చట్టం కిందికి రావని 2013లో సుప్రీం కోర్టు చెప్పింది. ప్రభుత్వ సొమ్ము మీద బాగా ఆధారపడినవి వస్తాయి. అయితే చట్టప్రకారం రిజిస్ట్రారు తెప్పించుకోగల సమాచారాన్ని ఆ ఆఫీసులో అడగవచ్చు. ఆ దారి ఉంది.

మా ఊళ్లో ఏమైంది?

31 మంది సంతకాలు పెట్టారు. అందులో 12 మంది వేలిముద్ర మానేసి మొదటిసారి పేరు రాసినవాళ్లు. బడి ఆవరణలో వేపచెట్టు కింద సమావేశం జరిగింది. సెక్రటరీ లెక్క చదివాడు. మిగులు ఉంది. కానీ ఎక్కువ భాగం దాణా బాకీల్లో ఉంది. మా అమ్మే లేచి "ఎవరి బాకీలు? పేర్లు చదవండి" అంది.

చదివారు. 14 పేర్లు. మూడు డైరెక్టర్ల ఇళ్లవి. ఏడో పేరు మా నాన్నది.

నాలుగు బస్తాల దాణా అప్పు తెచ్చాడు మా నాన్న. కట్టలేదు. ఇంట్లో చెప్పలేదు. అందరూ మా అమ్మ వైపు చూశారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అమ్మ కాసేపు ఆగింది. "మా బాకీ పాల బిల్లులో పట్టుకోండి. మొదట మాదే పట్టుకోండి. తర్వాత మిగతావి" అంది.

ఆ రోజు మూడు తీర్మానాలు చేశారు. బాకీల జాబితా కేంద్రం గోడకి అంటించాలి. అప్పు తీరనిదే కొత్త దాణా ఇవ్వకూడదు. నెలకి ఒకసారి ఇద్దరు సభ్యుల ముందు మిషను సరిచూడాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయి ఉండాలి.

అన్నీ ఒక్కరోజులో బాగుపడలేదు. రెండు బాకీలు చాలాకాలం మొండికేశాయి. మరుసటి ఏడు బోనసు వచ్చింది గాని తక్కువే వచ్చింది. బాబాయి ఆ సంక్రాంతికి మా ఇంటికి రాలేదు. తర్వాతి సంక్రాంతికి వచ్చాడు. "లెక్క గోడమీద ఉంటే నాకే సుఖంగా ఉంది వదినా. ఎవరూ చాటున అనుకోవటం లేదు" అన్నాడు.

ముల్కనూరు వైపు చూడండి

తెలంగాణలో ముల్కనూరు అని ఊరు ఉంది. అక్కడ 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు రైతులని కూడగట్టి సహకార గ్రామీణ బ్యాంకు పెట్టించారు. ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు తర్వాత సొంతంగా పాల డెయిరీ పెట్టుకున్నారు. 1995 చట్టం కింద పెట్టుకున్నారు. 2002లో పాలు తీసుకోవటం మొదలైంది. సభ్యులు ఆడవాళ్లే. పాలకవర్గం ఆడవాళ్లే. పాల పేరు 'స్వకృషి'. వాళ్లూ మనలాంటివాళ్లే. గేదె కాడ పేడ ఎత్తినవాళ్లే.

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి పెద్దవాళ్లకి గుర్తు ఉంటుంది. రాత్రిబడిలో ఒక పాఠం చదివి ఆడవాళ్లు సారా మీద లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయింది. చదివినదాన్ని ఊళ్లో అడగటం అప్పుడూ అక్షరం నేర్చినవాళ్లే మొదలుపెట్టారు.

మన తప్పులు కూడా చూసుకోవాలి

ఎదుటివాళ్లని అడిగేముందు మనమూ అద్దం చూసుకోవాలి. సమావేశానికి దండోరా వేస్తే ఎంతమంది వెళుతున్నాం? కోరం లేక వాయిదా పడితే తప్పు ఎవరిది? పాలలో నీళ్లు కలిపి, వెన్న తగ్గిందని మిషనుని తిడుతున్నామా? ప్రైవేటువాడు రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చిన నెలలో అటు పోసి, బోనసు రోజున ఇటు వస్తున్నామా? కులం చూసి, వరస చూసి ఓటు వేస్తున్నామా?

సొంతదారుకి హక్కుతోపాటు పూచీ కూడా ఉంటుంది. రెండూ ఒకే కాగితం మీద ఉంటాయి. ఆ పదకొండు రూపాయల రసీదు మీద.

ఇంటికి వెళ్లాక పెట్టె దించండి. మీ రసీదు వెదకండి. దొరికితే రేపు తీసుకురండి. అందరం కలిసి చదువుదాం. దొరక్కపోతే దిగులు పడకండి. సంఘంలో సభ్యుల రిజిస్టరు ఉంటుంది. అందులో మీ పేరు ఉందో లేదో చూపించమని అడుగుదాం. ఒక్కరే వెళ్లకండి. నలుగురు కలిసి వెళ్లండి. నేనూ వస్తాను.



ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ సంఘంలో కిందటిసారి సర్వసభ్య సమావేశం ఎప్పుడు జరిగింది? మీరు వెళ్లారా?
2. చదవకుండా ఎప్పుడైనా వేలిముద్ర వేశారా? ఎక్కడ?
3. సభలో భర్త పేరు బయటికి వచ్చినప్పుడు ఆ అమ్మ చేసింది సరైన పనేనా? మీరైతే ఏమి చేసేవారు?
4. పైన ఉన్న అర్జీని మీ సంఘం పేరుతో మీ పుస్తకంలో రాయండి.